రాజ్యాల నడుమ న్యాయం – డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా న్యాయశాస్త్ర కృషి

పొలం గట్టు దగ్గర ఇద్దరు రైతులకు తగాదా వచ్చినప్పుడు గ్రామంలో పెద్దమనుషులు ఉన్నారు. వారి మాట చెల్లనప్పుడు న్యాయస్థానం ఉన్నది. తీర్పు కాగితం మీదనే నిలిచిపోకుండా అమలు జరుపుటకు అమీను, పోలీసు ఉన్నారు. కాని రెండు రాజ్యాలకు తగాదా వచ్చినప్పుడు వాటికి పైన పెద్దమనిషి ఎవరు? ఏ పోలీసు వెళ్ళి ఏ రాజ్యాన్ని పట్టుకొని రాగలడు? ఈ ప్రశ్న నుండి పుట్టిన శాస్త్రమే అంతర్జాతీయ న్యాయశాస్త్రం. ఉర్దూలో దీనికి ఖానూనె బైనుల్ మమాలిక్ అని పేరు. రాజ్యాల నడుమ నుండు చట్టమని ఆ మాటకు అర్థం.

ఈ శాస్త్రానికి సేవ చేసినవారిలో మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, అక్కడనే బోధించి, జీవితంలో ఎక్కువ భాగం పారిస్ నగరంలో గడిపిన డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఒకరు. ఉర్దూ, అరబ్బీ, ఫ్రెంచి పాఠకులు ఆయనను బాగుగా ఎరుగుదురు. తెలుగు పాఠకులు ఎరిగినది తక్కువ. ఆ కొరతను కొంత తీర్చుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆయన రచనలు అనేక విషయాలకు సంబంధించినవి. వాటిలో న్యాయశాస్త్రానికి చెందిన వాటినే ప్రధానంగా మేము ఇక్కడ పరిశీలిస్తున్నాము.

వ్యాఖ్యాతకు గల స్థానం

ముందుగా ఒక మూల విషయం తెలుసుకొనవలెను. ఐక్యరాజ్యసమితికి అనుబంధంగా నెదర్లాండ్స్ దేశంలోని హేగ్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నది. అందులో 15 మంది న్యాయమూర్తులు ఉంటారు. 1945లో ఏర్పడిన దాని శాసనంలోని 38వ అధికరణం, ఆ న్యాయస్థానం ఏ ఆధారాలతో తీర్పు చెప్పవలెనో వివరిస్తుంది. మొదటిది రాజ్యాలు చేసుకున్న సంధులు. రెండవది రాజ్యాల ఆచారం. మూడవది నాగరిక జాతులు అంగీకరించిన సామాన్య న్యాయసూత్రాలు. ఇవి గాక, సహాయక సాధనాలుగా న్యాయస్థానాల తీర్పులను, వివిధ జాతులకు చెందిన ఉత్తమ న్యాయశాస్త్రవేత్తల బోధలను ఆ అధికరణం పేర్కొన్నది.

ఈ చివరి మాట గమనింపదగినది. మన దేశపు న్యాయస్థానాలలో న్యాయవాది ఒక వ్యాఖ్యాన గ్రంథాన్ని చూపినచో న్యాయమూర్తి దానిని గౌరవంతో చదువవచ్చును. కాని ఆ గ్రంథానికి శాసనం పేరుపెట్టి పీట వేయలేదు. అంతర్జాతీయ న్యాయంలో శాసనమే ఆ పీట వేసినది. సైన్యం లేని, పదవి లేని, చేతిలో కలం మాత్రమే గల పండితునికి ప్రపంచంలో ఇంతటి స్థానం ఇచ్చిన చట్టం మరొకటి అరుదు.

అయితే ఆ అధికరణం “వివిధ జాతులకు చెందిన” పండితులు అన్నది. ఆచరణలో చాలకాలం ఆ పండితులందరూ ఐరోపాకు, అమెరికాకు చెందినవారే. మిగిలిన ప్రపంచానికి రాజ్యాల నడుమ న్యాయం తెలియదా? తెలిసిన ఎడల దాని ఆధారాలు ఎక్కడ? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకుటలోనే హమీదుల్లా జీవితం గడిచినది.

మన ప్రాంతమే ఒక పాఠం

సార్వభౌమత్వం అనే మాటకు అర్థం తెలియుటకు మన విద్యార్థులు దూరం పోనవసరం లేదు. వనపర్తి, గద్వాల, జటప్రోలు మొదలైనవి ఒకనాడు సంస్థానాలు. సంస్థానాధీశుడు తన ప్రాంతంలో శిస్తు వసూలు చేసుకొని, నిజాం ప్రభువుకు పేష్కషు చెల్లించేవాడు. ప్రజల దృష్టిలో ఆయన రాజు. హైదరాబాదు దృష్టిలో ఆయన లోబడిన సంస్థానాధీశుడు.

ఇక నిజాం ప్రభువు సంగతి చూడుడు. ఆయనకు స్వంత నాణెం, స్వంత తపాలా, స్వంత రైలు మార్గం ఉండేవి. కాని 1798, 1800 సంవత్సరాలలో ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సంధుల వలన పరరాజ్య వ్యవహారాలు బ్రిటిషు వారి చేతిలోనికి పోయినవి. వనపర్తికి పైన హైదరాబాదు, హైదరాబాదుకు పైన బ్రిటిషు పరమాధికారం. ఈ మెట్ల వరుసలో ఏ మెట్టు వరకు రాజ్యం అనవలెను? 1947లో బ్రిటిషు పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం పై మెట్టును తీసివేసినది. అప్పుడు ఈ ప్రశ్న గ్రంథాలలో నుండి బయటకు వచ్చి లక్షలాది మంది బ్రతుకులకు సంబంధించిన ప్రశ్న అయినది. హమీదుల్లా చదువుకున్నదీ, బోధించినదీ ఈ వాతావరణంలోనే.

విద్యాభ్యాసం

హమీదుల్లా 1908లో హైదరాబాదులో పండిత కుటుంబంలో జన్మించినారు. మొదట సంప్రదాయ పద్ధతిలో అరబ్బీ విద్య అభ్యసించి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి ఎం.ఏ., ఎల్.ఎల్.బి. పట్టాలు పొందినారు. 1918లో స్థాపించబడిన ఉస్మానియా, ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించుటకు పూనుకున్న విశ్వవిద్యాలయం. అందుకొరకు ప్రత్యేకంగా ఒక అనువాద శాఖ పనిచేసినది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చుటకు పండితులు కూర్చుండి ఒక్కొక్క పారిభాషిక పదాన్ని తూచి నిర్ణయించేవారు. ఇంగ్లీషులోని మాటకు సమానమైన మాట తన భాషలో ఏది అని ప్రతి పుటలో ఆలోచించవలసి వచ్చిన విద్యార్థికి, ఆ భావన తన సంప్రదాయంలో పూర్వం ఉండెనా అనే ప్రశ్న కూడ తప్పక కలుగును. హమీదుల్లా పరిశోధనకు బీజం ఇక్కడ పడినదని మేము భావిస్తున్నాము.

ఉస్మానియాలో ప్రారంభించిన పరిశోధనను ఆయన ఐరోపాకు తీసుకొనిపోయినారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో, ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయం మీద డాక్టరు పట్టా పొందినారు. తరువాత పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో, ప్రవక్త కాలపు, తొలి ఖలీఫాల కాలపు దౌత్యపత్రాల మీద మరొక సిద్ధాంత వ్యాసం సమర్పించినారు. అది 1935లో పారిస్‌లో అచ్చయినది. హైదరాబాదుకు తిరిగివచ్చి 1948 వరకు ఉస్మానియాలో బోధించినారు. ఉర్దూ, అరబ్బీ, పారసీ, ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, తుర్కీ భాషలు ఆయనకు పనిముట్లు వంటివి.

మరచిపోయిన వేయి సంవత్సరాలు

ఆనాటి ఐరోపా పాఠ్యగ్రంథాలు అంతర్జాతీయ న్యాయచరిత్రను ఒకే రీతిగా చెప్పేవి. మొదట గ్రీకులు, రోమనులు. ఆ తరువాత ఒక్క గంతు. 1625లో డచ్చి పండితుడు హ్యూగో గ్రోషియస్ యుద్ధశాంతి న్యాయాలను గురించి వ్రాసిన గ్రంథం. 1648లో వెస్ట్‌ఫాలియా సంధి. 1856లో జరిగిన పారిస్ సంధిలో, ఉస్మానియా తురుష్క సామ్రాజ్యాన్ని ఐరోపా ప్రజాన్యాయంలో పాల్గొనుటకు అనుమతిస్తున్నట్లు ఐరోపా రాజ్యాలు వ్రాసుకున్నవి. నాలుగు శతాబ్దాలుగా ఐరోపా రాజ్యాలతో యుద్ధాలు, సంధులు, వర్తకపు ఒప్పందాలు చేసుకుంటూ వచ్చిన సామ్రాజ్యం, అంతవరకు న్యాయమనే ఇంటి వెలుపల నిలబడి ఉన్నదట!

రోముకు, గ్రోషియస్‌కు నడుమ గల ఆ గంతులో దాదాపు వేయి సంవత్సరాలు ఉన్నవి. ఆ కాలంలో స్పెయిన్ నుండి సింధు వరకు రాజ్యాలు ఉండినవి, రాయబారులు తిరిగినారు, వర్తకులు సరిహద్దులు దాటినారు, యుద్ధ ఖైదీలు మార్చుకొనబడినారు. ఇవన్నీ నియమం లేకుండా జరిగినవా? హమీదుల్లా అడిగిన ప్రశ్న ఇదే.

ఆయన చూపిన సమాధానం గ్రంథరూపంలోనే ఉన్నది. ఇమాం అబూ హనీఫా శిష్యుడైన మహమ్మద్ బిన్ హసన్ షైబానీ, ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో న్యాయాధికారిగా పనిచేసి 805లో మరణించినాడు. యుద్ధం, సంధి, రాయబారులు, పరదేశీయుల రక్షణ, వర్తకం మొదలైన విషయాలను ప్రత్యేక శాస్త్రంగా విభజించి ఆయన గ్రంథాలు రచించినాడు. ఈ శాస్త్రానికి సియర్ అని పేరు. సీరత్ అనగా నడవడి. దానికి బహువచనమే సియర్. రాజ్యం ఇతర రాజ్యాలతో నడచుకొనవలసిన తీరు అని తాత్పర్యం. షైబానీకి, గ్రోషియస్ గ్రంథానికి నడుమ 800 సంవత్సరాలకు పైగా వ్యవధి ఉన్నది.

షైబానీ రచించిన సియర్ మహాగ్రంథం మనకు నేరుగా దక్కలేదు. 11వ శతాబ్దంలో మధ్య ఆసియాకు చెందిన సరఖ్సీ అనే పండితుడు దానికి వ్రాసిన వ్యాఖ్యానం ద్వారానే దక్కినది. పాలకుని ఆగ్రహానికి గురియై బంధింపబడిన సరఖ్సీ, ఖైదులో నుండియే తన వ్యాఖ్యానాలను శిష్యులకు చెప్పి వ్రాయించినాడని ప్రసిద్ధి. మన మెతుకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానంతో కాళిదాస కావ్యాలను చదువుకొనే వారికి వ్యాఖ్యాత విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మూలాన్ని వెలిగించువాడు వ్యాఖ్యాత. సరఖ్సీ అంతకు మించి మూలాన్ని బ్రతికించినాడు.

హమీదుల్లా పద్ధతి

ఆయన ప్రధాన న్యాయగ్రంథం ఇంగ్లీషులో వ్రాసిన ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్. 1940ల తొలి సంవత్సరాలలో ఇది హైదరాబాదు నుండి వెలువడిన ఇస్లామిక్ కల్చర్ పత్రికలో వచ్చి, తరువాత లాహోరులో గ్రంథంగా అచ్చయి, పలు ముద్రణలు పొందినది. అందులో నాలుగు భాగాలు ఉన్నవి. మొదటిది చారిత్రక పీఠిక. రెండవది శాంతికాల న్యాయం. మూడవది యుద్ధకాల న్యాయం. నాలుగవది తటస్థత. ఆధునిక పాఠ్యగ్రంథాల అమరికనే తీసుకొని, ప్రతి శీర్షిక క్రింద సంప్రదాయ న్యాయం ఏమి చెప్పినది, ఆచరణలో ఏ దృష్టాంతం ఉన్నది అని ఆధారసహితంగా చూపినారు. మూడు ఉదాహరణలు చూతము.

ఒకటి, రాయబారి రక్షణ. ముసైలిమా అనే ప్రత్యర్థి పంపిన దూతలు మహాప్రవక్త సన్నిధిలో తీవ్రంగా మాట్లాడినప్పుడు, దూతలను చంపరాదనే నియమం లేనిచో శిక్షించి ఉండేవాడినని ఆయన చెప్పి వారిని విడిచిపెట్టినారు. తెలుగు విద్యార్థులకు సుందరకాండలోని ఘట్టం ఇక్కడ స్ఫురించును. రావణుడు హనుమంతుని చంపుమన్నప్పుడు, దూతను వధించుట రాజధర్మం కాదని విభీషణుడు అడ్డుపడినాడు. రెండు సంప్రదాయాలు ఒకే చోటికి వచ్చినవి. 1961లో వియన్నాలో జరిగిన దౌత్య సంబంధాల ఒప్పందం 29వ అధికరణంలో ఈ సూత్రాన్నే లిఖితం చేసినది.

రెండు, యుద్ధంలో హద్దులు. మొదటి ఖలీఫా అబూబకర్ సేనానికి ఇచ్చిన ఆదేశాలు ప్రసిద్ధమైనవి. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు, పండ్లచెట్లను నరకరాదు, ఆహారానికి తప్ప పశువులను వధింపరాదు, మఠాలలో ఉన్న సన్యాసుల జోలికి పోరాదు. 1949 నాటి జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అనుబంధ ఒప్పందంలోని 54వ అధికరణం, పౌరుల జీవనానికి అవసరమైన పంటలను, పశువులను, త్రాగునీటి వసతులను ధ్వంసం చేయరాదని నిషేధించినది. రెండింటికి నడుమ 1300 సంవత్సరాలకు పైగా కాలం గడిచినది.

మూడు, మాట నిలుపుకొనుట. 628లో జరిగిన హుదైబియా సంధిలో, మక్కా నుండి పెద్దల అనుమతి లేక వచ్చిన వారిని తిరిగి అప్పగించవలెనని ఒక షరతు ఉన్నది. సంధి జరుగుచుండగనే అబూ జందల్ అనే యువకుడు సంకెళ్ళతో తప్పించుకొని వచ్చి శరణు కోరినాడు. సహచరులందరూ దుఃఖించినారు. అయినను షరతు ప్రకారం అతడు తిరిగి అప్పగింపబడినాడు. ఒప్పందం తనకు కష్టంగా తోచిన నాడే ఒప్పందానికి పరీక్ష అని ఈ దృష్టాంతం నేర్పుచున్నది.

ఇటువంటి ఆధారాలను సేకరించుటకు హమీదుల్లా పడిన శ్రమ అసామాన్యం. మహాప్రవక్త కాలం నాటి, తొలి ఖలీఫాల కాలం నాటి లేఖలను, సంధిపత్రాలను అనేక గ్రంథాల నుండి ఏరి కూర్చిన అరబ్బీ సంకలనాన్ని 1941లో కైరోలో ప్రచురించినారు. మదీనా నగరంలో ముస్లిములు, యూదులు మొదలైన వర్గాల నడుమ కుదిరిన లిఖిత పత్రాన్ని 52 అధికరణాలుగా విభజించి, దానిని ప్రపంచంలో మొదటి లిఖిత రాజ్యాంగంగా ప్రతిపాదించినారు. ఎవరి మతం వారిది అనే నియమం ఆ పత్రంలో ఉండుట విశేషం.

1948: గ్రంథంలోని ప్రశ్న ఎదురుగా నిలిచినది

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాంకు నడుమ యథాతథ ఒప్పందం జరిగినది. అది నిలువలేదు. ఒక వైపు రజాకారుల దౌర్జన్యాలు, మరొక వైపు తెలంగాణ రైతాంగ పోరాటం, భారత యూనియన్‌లో విలీనం కోరిన ప్రజల ఉద్యమం – ఆ నాటి కల్లోలాన్ని మన పెద్దల నోట విననివారు ఈ ప్రాంతంలో లేరు. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసినది. సమితి శాసనపత్రంలోని 35వ అధికరణం ప్రకారం, సభ్యత్వం లేని రాజ్యం కూడ వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చును. ఆ ప్రతినిధి వర్గంతో హమీదుల్లా కూడ పారిస్ వెళ్ళినారు.

న్యాయదృష్టితో చూచినచో వివాదమంతా ఒక్క మాట మీద నిలిచినది. హైదరాబాదు రాజ్యమా, కాదా? రాజ్యమైనచో మండలికి రావచ్చును. కానిచో ఇది భారతదేశపు అంతరంగిక వ్యవహారం, మండలికి ప్రమేయం లేదు. భారత ప్రభుత్వ వాదన ఈ రెండవది. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించినది. సెప్టెంబరు 16న మండలి పారిస్‌లో ఈ విషయం చేపట్టినది. మరునాటికి పోరు ముగిసినది. ఆ తరువాత కొద్దిదినాలకే ఫిర్యాదును ఉపసంహరించుచున్నట్లు నిజాం తెలిపినారు. మండలి ఏ తీర్మానమూ చేయకుండానే ఆ చర్చ ఆగిపోయినది.

ఈ ప్రాంత ప్రజల ఆకాంక్ష భారత యూనియన్ వైపే ఉండినదనుటలో సందేహం లేదు. చరిత్ర ఆ దారినే నడిచినది. మేము ఇక్కడ గమనింపగోరునది వేరొక సంగతి. రాజ్యమంటే ఏమి అని తరగతి గదిలో బోధించిన ఆచార్యుడు, ఆ ప్రశ్నకు జవాబు తన కళ్ళముందే తేలుచుండగా పరదేశంలో నిలబడినాడు. ఏ పాలనపత్రంతో ఆయన ప్రయాణించినారో ఆ పాలన తిరుగు ప్రయాణానికి ముందే అంతరించినది.

దేశం లేని న్యాయవేత్త

హమీదుల్లా హైదరాబాదులో నివసించుటకు తిరిగి రాలేదు. పాకిస్తాన్ ఏర్పడిన తొలి సంవత్సరాలలో రాజ్యాంగ రచనకు సలహా ఇచ్చుటకు కొంతకాలం కరాచీ వెళ్ళినారు గాని అక్కడ స్థిరపడలేదు. ఫ్రాన్సు పౌరసత్వమూ స్వీకరించలేదు. ఫ్రాన్సు ప్రభుత్వం శరణార్థులకు ఇచ్చు ప్రయాణ పత్రంతోనే దశాబ్దాలు గడిపినారు.

పౌరసత్వం అనేది అంతర్జాతీయ న్యాయంలో మనిషికి, రాజ్యానికి నడుమ గల కట్టు. ఆ కట్టు తెగినచో పరదేశంలో ఆపద వచ్చినప్పుడు ఆ మనిషి పక్షాన అడుగువారు ఉండరు. దేశం లేని వ్యక్తుల స్థితిని గురించి 1954లోను, అట్టి స్థితిని తగ్గించుటకు 1961లోను అంతర్జాతీయ ఒప్పందాలు జరిగినవి. అయినను నేటికీ ప్రపంచంలో లక్షలాది మంది ఏ దేశమూ తమవారని చెప్పుకొననివారుగా బ్రతుకుచున్నారు. రాజ్యాల నడుమ న్యాయం ఎంత పెరిగినను, రాజ్యమే లేని మనిషికి అందులో చోటు ఇరుకుగానే ఉన్నది. ఈ లోపాన్ని హమీదుల్లా తన బ్రతుకులో అనుభవించినారు.

ఆయన ఈ స్థితిలో కూడ పని ఆపలేదు. 1954 నుండి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ శాస్త్రీయ పరిశోధన కేంద్రంలో పనిచేసినారు. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో అనేక సంవత్సరాలు పాఠాలు చెప్పినారు. 1959లో ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదం వెలువడినది. న్యాయమూలాలను చర్చించు అల్ మూతమద్ అనే ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించి 1964–65లో డమాస్కస్‌లో ప్రచురింపజేసినారు. 1980లో బహవల్పూరులో ఉర్దూలో ఇచ్చిన 12 ఉపన్యాసాలలో ఒకటి అంతర్జాతీయ న్యాయాన్ని గురించినదే. చివరగా, తన యౌవనంలో ఏ సరఖ్సీ వ్యాఖ్యానాన్ని ఆధారంగా చేసుకున్నారో ఆ మహాగ్రంథాన్ని ఫ్రెంచిలోనికి అనువదించినారు. అది 1989–91 మధ్య అంకారాలో నాలుగు సంపుటాలుగా వెలువడినది. అప్పటికి ఆయన వయస్సు 80 దాటినది. ఖైదులో నుండి చెప్పిన వ్యాఖ్యానాన్ని, స్వదేశం లేని అనువాదకుడు ఐరోపా పండితుల బల్లమీద పెట్టినాడు.

ఆయన అవివాహితుడుగా, అత్యంత నిరాడంబరంగా జీవించినారు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన పురస్కారంతో వచ్చిన ధనాన్ని పరిశోధన సంస్థకే ఇచ్చివేసినారు. ఆరోగ్యం క్షీణించగా 1996లో అమెరికాలోని బంధువుల వద్దకు చేరి, 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో మరణించినారు.

ఇదే కాలంలో మన వనపర్తి రాజవంశానికి చెందిన జె. రామేశ్వరరావు స్వతంత్ర భారత దౌత్యోద్యోగిగా ఆఫ్రికాలో పనిచేసి, తరువాత లోకసభ సభ్యులైనారు. ఒకే నిజాం రాజ్యంలో నుండి వచ్చిన ఇద్దరిలో ఒకరు కొత్త దేశానికి ప్రతినిధి అయినారు. మరొకరు ఏ దేశానికీ చెందకుండ మిగిలినారు. రాజ్యాలు మారునప్పుడు మనుషుల దారులు ఎట్లు విడిపోవునో దీనివలన తెలియుచున్నది.

కొన్ని ఆక్షేపణలు

విద్యార్థులు ఏ గ్రంథకర్తనూ విమర్శ లేకుండా స్వీకరింపరాదు. హమీదుల్లా వాదం మీద మూడు ఆక్షేపణలు ముఖ్యమైనవి.

మొదటిది, సియర్ అనేది సమానులైన రాజ్యాలు కలిసి చేసుకున్న న్యాయం కాదు. ఒక రాజ్యం తనకు తాను విధించుకున్న చట్టం. ఇది నిజమే. ముస్లిం రాజ్యం ఇతరులతో వ్యవహరించునప్పుడు పాటించు తన దేశచట్టంలోని భాగం, ఆచారం, సంధి బాధ్యతలు అనియే హమీదుల్లా కూడ నిర్వచించినారు. ఇందులో పరిమితి ఉన్నది, బలమూ ఉన్నది. ఎదుటివాడు తప్పినను నీవు తప్పరాదు అనే నియమం ఇందులోనుండి వచ్చును. నేటి జెనీవా ఒప్పందాలు కూడ శత్రువు పాటించినప్పుడే పాటింతుమను షరతును ఒప్పుకొనవు.

రెండవది, గ్రంథంలోని న్యాయం వేరు, రాజుల నడవడి వేరు. ఈ హద్దులను మీరిన సుల్తానులు ఎందరో ఉన్నారు. 1966లో షైబానీ గ్రంథాన్ని ఇంగ్లీషులోనికి తెచ్చిన మజీద్ ఖద్దూరీ వంటి పండితులు, ఆ సంప్రదాయంలోని యుద్ధభావనకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చినారు. ఇరువురినీ చదివి తూచుకొనుట మంచిది. అయితే ఒక మాట. గ్రోషియస్ గ్రంథం వెలువడిన తరువాత ఐరోపా రాజ్యాలు వలసదేశాలలో నడచుకున్న తీరును బట్టి ఎవరూ గ్రోషియస్‌ను త్రోసివేయలేదు. కొలబద్ద ఇద్దరికీ ఒకటే ఉండవలెను.

మూడవది, ప్రాచీన పత్రాలకు రాజ్యాంగం, తటస్థత వంటి ఆధునిక నామాలు పెట్టుట కాలవిరుద్ధం. ఈ ఆక్షేపణలో బలం ఉన్నది. మదీనా పత్రాన్ని రాజ్యాంగమనుట కంటె, వివిధ వర్గాల నడుమ లిఖిత ఒడంబడిక అనుటయే నిర్వివాదంగా తోచుచున్నది. పేరు విషయంలో హమీదుల్లాతో విభేదించినను, పత్రాన్ని వెలికి తెచ్చి అధికరణాలుగా విప్పి చూపిన ఋణం తీరదు.

ప్రపంచ న్యాయస్థానం మాట

1979 నవంబరులో టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమింపబడి, ఉద్యోగులు బందీలైనారు. ఈ వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మే 24న తీర్పు చెప్పినది. రాయబారుల రక్షణ చిరకాలంగా స్థిరపడిన వ్యవస్థకు పునాది అని చెప్పుచు, ఆ వ్యవస్థ పరిణామానికి ఇస్లామీయ సంప్రదాయాలు గణనీయమైన దోహదం చేసినవని న్యాయస్థానం ఆ తీర్పులో పేర్కొన్నది. ఆ మాట ఒక్క హమీదుల్లా వలననే వచ్చినదని మేము అనము. కాని 1930లలో ఉస్మానియా, బాన్, పారిస్ గ్రంథాలయాలలో ఆయన ఏరిన ఆధారాలు చెప్పుచున్నది ఆ మాటనే. 1856లో గుమ్మం వద్ద నిలబెట్టబడిన సంప్రదాయం, 1980 నాటికి ఇల్లు కట్టినవారిలో ఒకటిగా లెక్కకు వచ్చినది.

మార్పు అక్కడ ఆగలేదు. 38వ అధికరణంలోని “నాగరిక జాతులు” అనే మాట అవమానకరమని ఆసియా, ఆఫ్రికా న్యాయవేత్తలు చాలకాలంగా ఆక్షేపించినారు. 2023లో అంతర్జాతీయ న్యాయ సంఘం సామాన్య న్యాయసూత్రాలను గురించి ఆమోదించిన ముసాయిదాలో, ఆ మాటకు బదులు జాతుల సముదాయం అనే మాటను ఉపయోగించినది.

తెలుగువారు కూడ ఈ రంగంలో వెనుకబడలేదు. కృష్ణా మండలంలో జన్మించిన పి. చంద్రశేఖరరావు 1996 నుండి 2017 వరకు జర్మనీలోని హాంబర్గ్ నగరంలో గల అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉండి, 1999 నుండి 2002 వరకు దానికి అధ్యక్షులైనారు. సముద్ర మండలాల న్యాయం మీద 1983లోనే ఆయన గ్రంథం వెలువడినది. పెమ్మరాజు శ్రీనివాసరావు పైన చెప్పిన అంతర్జాతీయ న్యాయ సంఘంలో 1987 నుండి 2006 వరకు సభ్యులుగా పనిచేసినారు.

విద్యార్థులు గ్రహింపవలసినది

హమీదుల్లా జీవితం నుండి మన విద్యార్థులు మూడు విషయాలు గ్రహింపవలెనని మా మనవి. మొదటిది, భాష. ఉర్దూ వచ్చినవారు తెలుగును, తెలుగు వచ్చినవారు ఉర్దూను, ఇరువురూ ఇంగ్లీషును చక్కగా నేర్చుకొనవలెను. రెండు సంప్రదాయాల నడుమ వంతెన కట్టువానికి రెండు ఒడ్డులూ తెలిసి ఉండవలెను. రెండవది, మూలాన్ని చూచుట. ఎవరో చెప్పిరని గాక, పత్రాన్ని స్వయంగా చదివి, తేదీ చూచి, వ్యతిరేక వాదాన్ని కూడ విని వ్రాయుటయే న్యాయవిద్యార్థి లక్షణం. మూడవది, ఓర్పు. బాన్ నగరంలో తటస్థత మీద వ్రాసిన నాటి నుండి సరఖ్సీ అనువాదం ముగిసిన నాటి వరకు 50 సంవత్సరాలకు పైగా ఒకే ప్రశ్నను విడువక పట్టుకున్నారు.

కళాశాల గ్రంథాలయంలో భారత రాజ్యాంగం ప్రక్కన ఐక్యరాజ్యసమితి శాసనపత్రాన్ని, జెనీవా ఒప్పందాలను, హమీదుల్లా గ్రంథాన్ని కూడ ఉంచవలెనని పాలక సంఘం వారికి విన్నవించుకొనుచున్నాము. యుద్ధవార్తలు వచ్చినప్పుడు ఎవరు గెలిచిరని అడుగువారు అనేకులు. ఆసుపత్రిని వదలిపెట్టిరా, ఖైదీని ఎట్లు చూచిరి, త్రాగునీటిని ధ్వంసం చేసిరా అని అడుగువారు తక్కువ. ఆ రెండవ ప్రశ్నలు అడుగుట నేర్చిన విద్యార్థులు మన వనపర్తి నుండి బయలుదేరిన నాడు, ఈ వ్యాసం వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.